పాతాళంలో ఉన్నదెవరు? మాంత్రికుడా... శాస్త్రజ్ఞుడా?

బెంగుళూరులో చెన్నై వైపు వెళ్లే రైలెక్కండి. బంగారపేట దాటాక, కుప్పం రాకముందే ఓ చిన్న స్టేషను కనిపిస్తుంది. అదే చిత్తూరు జిల్లా గుడుపల్లె. ఇటు కన్నడ సీమ, అటు తమిళ సీమ, మధ్యన మా తెలుగు!

సినిమా పత్రికలో ఈ ఊరి గొడవెందుకంటారా? ఉంది. మాయలూ మంత్రాలూ నిండిన నవలల మీద, సైన్సు నవలల మీద పాఠకులు ఎప్పుడూ రెండు పార్టీలే. "అభూతకల్పనలు చదివి చెడిపోతారు" అనేది ఒక పార్టీ. "అవి లేకపోతే చదవడమే దండగ" అనేది రెండోది. ఈ తగువు తీర్చడానికి గుడుపల్లెను మించిన చోటు నాకు కనపళ్లేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

మన తెలుగువాళ్లకు మాయాలోకం దారి చూపింది 'చందమామ'. 1954లో మొదలైన 'తోకచుక్క' దగ్గర్నుంచి 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం', 'భల్లూక మాంత్రికుడు'... ఎన్ని సీరియళ్లని! అవన్నీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. తమాషా ఏమిటంటే, సీరియళ్ల మీద ఆయన పేరుండేది కాదు. రచయిత ఎవరో తెలియకుండానే పిల్లలు వచ్చే నెల సంచిక కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశారు. ఆ కథలు చదివి రాకాసిని వెతుక్కుంటూ ఏ పిల్లాడూ అడవికి పోలేదు. పుస్తకం మూయగానే రాకాసి కూడా బజ్జుంది.

అసలు గొడవ 1980లలో వచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి రాష్ట్రాన్ని ఊపేసింది. చిన్నపిల్ల మీద చేతబడి! మంత్రమూ వైద్యమూ పక్కపక్కనే నడుస్తాయి. రాత్రిపూట ఒంటరిగా చదవడానికి భయపడుతూనే, వారం వారం ఎగబడి చదివారు జనం. సరిహద్దు దాటి 1985లో కన్నడంలో 'తులసీదళ' పేరుతో సినిమా కూడా అయింది.

అయితే అందరూ చప్పట్లు కొట్టలేదు. రంగనాయకమ్మ గారు ఏకంగా 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఓ పుస్తకమే రాశారు! చేతబడి ఉందేమోనన్న అనుమానం జనంలో నాటడం తప్పన్నది అటువైపు వాదన. నవలను నవలగా చూడండి, అంత భయపెట్టగలగడమే గొప్ప అన్నది అభిమానుల వాదన.

ఎవరు రైటు? నన్నడిగితే, భయపెట్టడం తప్పు కాదు. కానీ రాకాసికీ చేతబడికీ ఓ తేడా ఉంది బ్రదర్! మన వీధిలో రాకాసి ఉందని ఎవరూ నమ్మరు. చేతబడి చేశారన్న అనుమానంతో మాత్రం మన పల్లెల్లో నిజంగా మనుషుల్ని కొట్టారు, చంపారు. చచ్చింది ఎక్కువగా నోరూ వాయీ లేని పేదవాళ్లే. పుస్తకం మూసినా భయం మూతపడకుండా పక్కింటి ముసలమ్మ గుమ్మం దాకా వెళ్లిందంటే, అది ఇక వినోదం కాదు.

మరి సైన్సు కథల సంగతి? 1895లో హెచ్.జి. వెల్స్ కాలయంత్రం మీద నవల రాస్తే, 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో మనల్ని కాలయంత్రం ఎక్కించి రాయలవారి కొలువు చూపించారు. ఆ తర్వాత 2504వ సంవత్సరానికి లాక్కెళ్లారు. అక్కడ అణుయుద్ధం తర్వాత జనం భూమి కింద బతుకుతుంటారు. "అదంతా అయ్యే పనేనా?" అని పెదవి విరిచినవాళ్లున్నారు.

ఇప్పుడు గుడుపల్లెకు వద్దాం. ఈ మండలంలోనే చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులున్నాయి. పొరుగున కోలారు గనులతో పాటు 2001లో మూతపడ్డాయి. కోలారులో ఛాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్ల పైమాటే. అచ్చం పాతాళం! మనుషులు రోజూ డ్యూటీకి పాతాళానికి దిగి, పొద్దుపోయాక పైకొచ్చారు.

అంతటితో అయిపోలేదు. 1965లో ఆ గనిలో 2 కిలోమీటర్లకు పైగా లోతున బొంబాయి టాటా పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు, జపాను, ఇంగ్లండు వాళ్లతో కలిసి కాపు కాశారు. దేనికోసం? న్యూట్రినో కోసం! భూగోళాన్నే గాజుపలకలా దూసుకుపోయే కణం అది. పైనున్న రాతిపొర మిగతా కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టే అంత లోతుకు దిగారు. గాలిమండలంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టుకున్నారు కూడా. ఏ మాంత్రికుడికి సాధ్యం ఈ విద్య?

అందుకే నా తీర్పు ఇది. కల్పన చదవండి, భయపడండి, మైమరచిపొండి. పుస్తకం మూశాక మాత్రం ఓ ప్రశ్న వేసుకోండి: ఈ కథ నాకు లోకం మీద ఆశ్చర్యం పెంచిందా, పక్కవాడి మీద అనుమానం పెంచిందా? ఆశ్చర్యమైతే మంచి నవలే, మంత్రాలున్నా సరే!

మూతపడ్డ మా గనిలోకి హీరోను దింపి, చీకట్లో ఆ కణం కోసం కాపలా పెట్టే రచయిత ఎవరైనా ఉన్నారా? రాయండి స్వామీ... చదవడానికి మేం రెడీ!