ముక్కు నుంచి కారే నీరు జలుబు కాకపోవచ్చు

రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన వ్యక్తి లేచి మాట్లాడుతుంటే గండం గడిచిందని చుట్టుపక్కలవారు భావిస్తారు. పైకి గాయం కనిపించకపోయినా కపాలపు అడుగు ఎముక చిట్లి ఉండవచ్చు. మెదడుకు పీఠంలా ఉండే ఈ ఎముకకు దిగువన ముక్కు, పక్కల చెవులు ఉంటాయి. ఎముకతోపాటు మెదడును కప్పిన పొర కూడా చిరిగితే, లోపలి ద్రవం ముక్కు నుంచి గాని చెవి నుంచి గాని నీరులా కారుతుంది. అదే దారిన సూక్ష్మజీవులు లోపలికి చేరితే ప్రాణాపాయకరమైన మెనింజైటిస్ రావచ్చు.

ముందుకు వంగినప్పుడు ముక్కు నుంచి పలుచని నీరు కారడం, గొంతులో ఉప్పదనం, వినికిడి తగ్గడం, ముఖం ఒక పక్కకు లాగడం దీని లక్షణాలు. కళ్ల చుట్టూ, చెవి వెనుక ఏర్పడే నల్లని కములు ఒకటి రెండు రోజుల తరువాత కనిపించవచ్చు. కనుక మొదటి రోజు బాగుందన్నంత మాత్రాన నిశ్చింత తగదు.

కారే ద్రవాన్ని ఆపడానికి ముక్కులో, చెవిలో దూది కుక్కరాదు. చుక్కల మందు వేయరాదు. ముక్కు చీదరాదు. మెడ కదలకుండా చూస్తూ 108కి ఫోన్ చేయాలి.

ఆసుపత్రిలో ముందుగా శ్వాసను, మెడను కాపాడి, ఆపై సన్నని పొరలుగా తీసే సి.టి. స్కాన్‌తో పగులును గుర్తిస్తారు. కారేది మెదడు ద్రవమేనా అనే సందేహాన్ని బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష తీరుస్తుంది. ఈ అనుమానం ఉన్నవారికి గొట్టాన్ని ముక్కు ద్వారా కాక నోటి ద్వారా వేస్తారు. తల ఎత్తుగా ఉంచి, ముక్కకుండా, బరువులెత్తకుండా విశ్రాంతి తీసుకుంటే చాలామందికి వారం పది రోజుల్లో కారడం ఆగుతుంది. ఆగనివారికి శస్త్రచికిత్సతో చిరుగును మూస్తారు. ఇంటికి వెళ్లాక జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం కనిపిస్తే, నెలలు గడిచినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లి పాత దెబ్బ సంగతి చెప్పాలి.

పరాయి ఊరిలో భాష రాదని, పోలీసులు వేధిస్తారని వెనుకాడనవసరం లేదు. మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ కింద రూపొందించిన నిబంధనల ప్రకారం, సద్భావంతో క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్చినవారిని పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. 2025లో కేంద్రం ప్రకటించిన పథకం కింద నిర్దేశిత ఆసుపత్రులలో, ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేరకు నగదు చెల్లించకుండానే చికిత్స పొందవచ్చు. బాధితుడు ఏ రాష్ట్రంవాడైనా ఇది వర్తిస్తుంది.