రంగమునకు పోయినవారి చెలిమి

పరదేశమునకు పోయి వచ్చినవాడు కనబడగానే మనము మొదట అడుగునది, ఎంత గడించితివని. ఎవరితో కూడి యుంటివి, జ్వరము తగిలినప్పుడు గంజి కాచి పోసినదెవరు, దిక్కుతోచనప్పుడు చేయి పట్టి నడిపించినదెవరు అని అడుగువారు అరుదు. అందుచేతనే తెలుగువారి వలసల చరిత్ర నేటికిని ఆదాయవ్యయముల పట్టికగనే మిగిలిపోయినది. కాని, పొట్టకూటికై కడలి దాటిన మనుష్యుని బ్రదికించినది కూలిసొమ్ము కంటె ముందు తోడివాని నెయ్యమని నా దృఢవిశ్వాసము. అందుకు నిదర్శనముగ, మన ఉత్తరకోస్తా పల్లెలలో ఒకప్పుడు ఇంటింటను వినవచ్చిన రంగపు కథను, అనగా రంగూను పోయినవారి కథను, ఇచట చెప్పదలచితిని.

బర్మాదేశము ఆంగ్లేయుల చేతికి ఒక్కమారుగ చిక్కలేదు. 1824లో మొదలైన తొలి యుద్ధము, 1852 నాటి రెండవది, 1885 నాటి మూడవది, ఇట్లు మూడు యుద్ధములకు గాని ఆ రాజ్యము పూర్తిగ వారి వశము కాలేదు. రెండవ యుద్ధముతో ఐరావతీ నదీముఖమందలి పల్లపుభూములు వారికి దక్కెను. 1869లో సూయజు కాలువ తెరచుటతో ఆ భూముల ధాన్యమునకు ఐరోపా దారి దగ్గరయ్యెను. అడవులు నఱకి పొలములు చేసినవారు చాలవఱకు బర్మావారే. ఆ ధాన్యమును మిల్లులలో ఆడించుటకును, బస్తాలు మోసి ఓడలకెక్కించుటకును, రేవులలోను రైలుదారులలోను చాకిరి చేయుటకును మాత్రము వేలకొలది చేతులు కావలసివచ్చెను. ఇటువైపున గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములలో వాన తప్పిన యేడు తిండి లేదు; 1866 నాటి గంజాము కఱవును, 1876-78 నాటి మహాక్షామమును చూచిన తరమువారు ఊరు వదలుటకు వెనుదీయలేదు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ రేవులనుండి జనము ఆవిరియోడలెక్కెను. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరమందలి నాలుగు లక్షల ప్రజలలో 2,12,000 మందికి పైగా భారతీయులే. వారి నడుమ తెలుగు మాట వినబడని మిల్లు గాని రేవు గాని లేదనవచ్చును.

ఓడపై క్యాబినులు దొరలకును ధనికులకును; మనవారిది డెక్కు. ఒక్కొక్క ఊరివారు ఒక్కొక్క చోట చాపలు పఱచుకొని, నడుమ ట్రంకుపెట్టెయు, ఊరగాయ జాడీయు, చింతపండు మూటయు పెట్టుకొని, చుట్టును తాము కూర్చుండి, ఆ నాలుగు మూరల చోటును తమ ఊరుగ చేసికొనెడివారు. సముద్రము శాంతముగ నున్నంతసేపు కథలును పాటలును సాగును. గాలి లేచి అలలు డెక్కుపై విఱిగిపడ నారంభించినప్పుడు, సామానులు ఈ వైపునుండి ఆ వైపునకు దొర్లుచుండగా, ఒకరినొకరు పట్టుకొని తెల్లవార్చవలసినదే. వాంతులతో తల యెత్తలేని కుఱ్ఱవాని తలను రాత్రియంతయు ఒడిలో నుంచుకొన్న పొరుగూరివానిని ఆ కుఱ్ఱవాడు బ్రదికినన్నాళ్లు ‘మామా’ యనియే పిలుచును. ఆ చుట్టరికము ఏ వంశవృక్షమునందును కానరాదు. అయినను ఇంట పెండ్లియైనచో తొలి శుభలేఖ ఆ మామకే పోవును. ఈ డెక్కు ప్రయాణమెట్టిదో తెలియగోరువారు వంగ రచయిత శరత్ బాబు వ్రాసిన ‘శ్రీకాంత్’ నవల రెండవ భాగమును చదువవలెను. 1903లో ఉద్యోగార్థియై రంగూను చేరి 1916 వఱకు అచట గుమాస్తాగిరి చేసిన శరచ్చంద్రుడు, ఆ బీదల నడుమ బ్రదికినవాడు గనుకనే వారి గుండెను అంత చక్కగ చూపగలిగెను. తెలుగు పాఠకులు ఆయనను తమవానిగ చేసికొనుటకు గల హేతువులలో ఇదియు నొకటియని నాకు తోచును.

రేవున దిగిన కూలివానికి దిక్కు మేస్త్రీ. ఊరిలోనే కొంత సొమ్ము ముందిచ్చి, ఓడ ఖర్చు పెట్టుకొని, ముఠాగ తోడ్కొనిపోయి, మిల్లులోనో రేవులోనో పని చూపి, అటుపిమ్మట కూలిలో తన భాగము విఱుచుకొనుచు అప్పు తీఱువఱకు వానిని విడువనివాడు మేస్త్రీ. మేస్త్రీలలో దయగలవారు లేకపోలేదు. ఆ యేర్పాటు మాత్రము దయలేనిది. యజమానికి కూలివాని పేరు తెలియదు, కూలివానికి యజమాని మొగము తెలియదు. నడుమనున్నవాని మాటయే జీతము, వాని లెక్కయే న్యాయము.

బస మఱియు కఠినము. నలుగురు పట్టు గదిలో పదిమందికి పైగా నుండెడివారు. పగటిపనివాడు లేచిన చాపపై రాత్రిపనివాడు వచ్చి పడుకొనును. అట్టి గదిలో వంతుల ప్రకారము వంట సాగును. వంట వచ్చినవాడు వండును, రానివాడు నీరు తెచ్చి గిన్నెలు తోమును. చదువు వచ్చినవాడు ఆ గదికంతకును ఒక్కడే యుండును. ఆదివారమునాడు వాడు కార్డులు ముందు వేసికొని కూర్చుండగా, ఒక్కొక్కరే వచ్చి ఇంటికి చెప్పవలసిన మాటలు చెవిలో చెప్పుదురు. ఎవరి భార్యకు కాన్పు కానున్నదో, ఎవరి పొలము తాకట్టు పడినదో, ఎవరు పంపిన సొమ్మును అన్న త్రాగివేసెనో అన్నియు వానికి తెలియును. వానినుండి ఒక్కమాటయైన బయటికి పొక్కదు. ఊరిలోనైనచో ఒక పంక్తిని భుజింపని కులములవారు అచట ఒక పొయ్యి చుట్టు చేరెడివారు. భేదములు మాసిపోయినవని చెప్పజాలను గాని, రోగము వచ్చినప్పుడు నీరందించు చేయి ఎవరిదని అడుగు తీఱిక ఆ గదిలో ఎవరికిని లేకుండెను. పనిలో చనిపోయినవాని దహనమునకును, వాని ఇంటికి కొంత సొమ్ము పంపుటకును తలా ఒక అణా వేసికొన్న ఆ కూలివారి ఔదార్యమును నేను మహాదాతల దానములకంటె తక్కువగ నెంచలేను.

బర్మావారితో చెలిమి వేఱు విధముగ పెరిగెను. అచట అంగడులలో అమ్మకము చాలవఱకు స్త్రీలదే. బేరమాడుచు మనవారు ఆ భాష నేర్చిరి. మేషసంక్రాంతి దినములలో బర్మావారు జరుపుకొను నీళ్ల పండుగలో వీరును తడిసిరి. కొందఱు అచటివారినే పెండ్లాడి నిలిచిపోయిరి. అయితే ఈ నెయ్యమును ఆకలి చెఱచిన దినములును కలవు. 1930 మే నెలలో రంగూను రేవు కూలివారైన తెలుగువారు కూలి పెంపునకై సమ్మె కట్టగా, వారి స్థానమున యజమానులు బర్మావారిని పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీఱగానే ఆ బర్మావారిని పొమ్మనిరి. ఆ నెల 26న మొదలైన కలహములో వందమందికి పైగా చనిపోయిరి. ఉభయులును బీదలే. ఒకరి అన్నము చూపి ఇంకొకరిని రెచ్చగొట్టిన యేర్పాటును తప్పుపట్టక, ఇది రెండు జాతుల సహజవైరమని వ్రాసినవారు సత్యమునకు ద్రోహము చేసిరని నా అభిప్రాయము.

సముద్రము దాటినవారందఱును కూలివారుగ మిగిలిపోలేదు. కోరంగివాడైన మల్లాడి సత్యలింగ నాయకరు రంగమున వ్యాపారము చేసి అపారధనమార్జించి, దానిని విద్యకును ధర్మమునకును ఒసగిపోయెను. కాకినాడలో ఆయన పేర నెలకొన్న ధర్మసంస్థ సాయము చేయుదునని మాట యిచ్చిన యువకులలో నొకడు, 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఒక పరదేశమున ఒకడు చిందించిన చెమట వేఱొక పరదేశమునకు మఱియొకని నంపుటకు తోడ్పడెనన్నమాట. ఈ ప్రక్కదారి పట్టుటకు నన్ను ప్రేరేపించినది ఆ సంబంధమే.

ఆ సంస్థ ఇచ్చిన మాటతోను, మామగారు కూర్చియిచ్చిన సొమ్ముతోను సుబ్బారావు అమెరికాలోని బోస్టను చేరెను. మదరాసులో చదువుకొనునాడు ఖద్దరు ధరించి ఆంగ్లాచార్యుని కోపమునకు గురియైనందున ఎం.బి.బి.ఎస్. కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమే ఆయనకు దక్కెను. ఆ పట్టముతో అచటి ఆసుపత్రులలో వైద్యోద్యోగము దొరకలేదు. రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగి, పగలు హార్వర్డులో ఉష్ణమండల వైద్యము చదివెను. అచటి ఆచార్యుడు రిచర్డ్ స్ట్రాంగు ఆదరింపకున్న ఆ తొలిదినములు గడచెడివి కావు. 1923 ఫిబ్రవరిలో, భారతీయులు అమెరికా పౌరులగుటకు అర్హులు కారని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ ద్వారము మఱల తెరచుకొన్నది 1946లోనే. తనను పౌరునిగ నంగీకరింపని దేశమున ఆయన హార్వర్డు జీవరసాయనజ్ఞుడు సైరస్ ఫిస్కేతో కూడి, 1925లో దేహద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1929లో, జర్మనీలో లోమాను కనుగొన్న కాలముననే, జీవకణములకు శక్తినందించు ఎ.టి.పి. యను పదార్థమును వేఱుచేసెను. ఆ సహవాసము చేదుగ మాఱినదనియు, సుబ్బారావు కనుగొన్న పదార్థములు కొన్ని ఫిస్కే అసూయచే వెలుగు చూడక తరువాత ఇతరులు మఱల కనుగొనవలసివచ్చెననియు, అదే ప్రయోగశాలలో పని నేర్చి 1988లో నోబెలు బహుమతి నందిన జార్జ్ హిచ్చింగ్సు చెప్పెను. పరదేశమున చెలిమి ఎల్లప్పుడును అమృతమే యని చెప్పుట అబద్ధమగును.

1940లో లెడర్లీ అను ఔషధసంస్థకు పోయిన పిమ్మట ఆయనకు అసలైన తోడు లభించెను. ఫోలిక్ ఆమ్లము, బోదవ్యాధికి హెట్రజాను, వైద్యుడు సిడ్నీ ఫార్బరు చేతిలో బాలల రక్తక్యాన్సరును తొలిసారి తగ్గించిన అమినోప్టెరిను, విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి తీసికొన్న వృద్ధుడు బెంజమిన్ డగ్గరు కనుగొన్న సూక్ష్మజీవినాశకమైన ఆరియోమైసిను, ఇవన్నియు ఆ కూటమి ఫలములే. 1948లో ఆయన గతించిన పిమ్మట, 1953లో, ఆ సంస్థకు చెందిన హెసెల్టీను తాను కనుగొన్న ఒక శిలీంధ్రమునకు ‘సబ్బరోమైసిస్’ అని పేరిడెను. మూడేండ్లలో వత్తునని చెప్పి పోయిన భర్తను శేషగిరమ్మ మఱల చూడలేదు. ఆయన పోయిన తరువాత పుట్టిన బిడ్డయు శైశవముననే పోయెను. అచటి స్నేహములను కొనియాడునప్పుడు ఇచట చెల్లింపబడిన ఈ మూల్యమును మఱచుట అన్యాయము.

మరల రంగమునకు వచ్చెదను. 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు ఆ నగరముపై పడెను. 1942 మార్చి 8న నగరము వారి వశమయ్యెను. ఓడలలో చోటు దొరకనివారు నడక సాగించిరి. ప్రోమునుండి టాంగుప్ కనుమ మీదుగ అరకాను తీరమునకు కొందఱు, తము మీదుగ మణిపురమునకు మఱికొందఱు, ఆ దారులును మూసికొనిపోగా హుకాంగు లోయ గుండ అస్సామునకు కడపటివారు. తెల్లవారికి సుగమమైన దారి, మనవారికి దుర్గమమైన దారి చూపినారని ఆనాడే మన నాయకులు నిరసించిరి. మొదట ఇత్తడి బిందెలు వదలిరి, తరువాత పెట్టెలు వదలిరి, కొండలెక్కునప్పటికి బియ్యపు మూటయు పిల్లలును మాత్రమే మిగిలెను. కలరా, మలేరియా, మే నెలలో దిగిన వానలు వేలకొలది జనమును దారిలోనే పొట్టనపెట్టుకొనెను; నాలుగు లక్షలకు పైగా ప్రాణములతో భారతదేశము చేరిరి. బలవంతుడు ఒంటరిగ నడచినచో ముందుగ చేరును. అట్లు చేరగలిగినవారును, నడువలేని ముసలివానికై ఆగి, తల్లి పోయిన పసిదానిని భుజమున వేసికొని, ఉన్న పిడికెడు బియ్యమును జావ కాచి పదిమందికి పోసిరి. ఎవరును చూడని అడవిలో, ఏ కీర్తియు రాని చోట చేసిన ఈ పనికంటె పెద్ద సాహసమును నేనెఱుగను.

యుద్ధము తీఱిన తరువాత కొందఱు మరల పోయిరి. 1962లో సేనాని నే విన్ ప్రభుత్వము వచ్చి అంగడులను జాతీయము చేసెను. 1964లో పెద్ద నోట్లను రద్దు చేసెను. తరతరముల ఆర్జన నచటనే వదలి, చేతిసంచులతో లక్షలకొలది భారతీయులు తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెము చెంతనున్న బర్మా క్యాంపు ఆనాడు వెలసినదే.

ఆ బర్మా క్యాంపులోను, శ్రీకాకుళము, విజయనగరము పల్లెలలోను ఆ దినములను కన్నవారు, కన్నవారి నోట విన్నవారు ఇంకను కొందఱున్నారు. పాఠకులారా, మీ యింట గాని మీ వీథిలో గాని అట్టివారుండినచో ఈ వారముననే వారికడ కూర్చుండుడు. ఏ రేవున ఓడ యెక్కిరో, మేస్త్రీ ఎవరో, ఆ గదిలో వంట ఎవరిదో, ఉత్తరము వ్రాసిపెట్టినదెవరో, కొండదారిలో చేయి విడువనిదెవరో అడిగి, ఆ పేర్లను ఊళ్లతో సహా తేదీ వేసి కాగితముపై పెట్టుడు. ఎంత గడించిరో కడపట అడుగవచ్చును.