ఎనభై దాటినా పాట: వయసు గొంతును ఏం చేస్తుంది?

ప్రసిద్ధ ఠుమ్రీ గాయని గిరిజాదేవి 1929 మే 8న వారణాసిలో జన్మించారు. 1949లో అలహాబాద్ రేడియో కేంద్రం నుంచి తొలిసారి పాడారు. తరువాత కోల్‌కతాలోని ఐటీసీ సంగీత్ రీసెర్చ్ అకాడమీలో గురువుగా ఎందరినో తీర్చిదిద్దారు. ఎనభై దాటాక కూడా కచేరీలు చేసి, 2017 అక్టోబరు 24న అదే నగరంలో 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఇరవై ఏళ్లనాటి గొంతు ఎనభై ఏళ్లకు అలాగే ఉండదు. మరి పాట ఎలా నిలుస్తుంది?

గొంతులోని స్వరపేటికలో రెండు స్వరతంతువులు ఉంటాయి. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి అవి కంపించినప్పుడు ధ్వని పుడుతుంది. మాట్లాడేటప్పుడు ఇవి పురుషుల్లో సెకనుకు సుమారు 120 సార్లు, స్త్రీలలో సుమారు 200 సార్లు కంపిస్తాయి. పైస్థాయి స్వరాలు పాడేటప్పుడు ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

వయసు పెరిగేకొద్దీ తంతువుల్లోని కండరం సన్నబడుతుంది. సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ పోగులు దెబ్బతింటాయి. స్వరపేటికలోని మృదులాస్థి క్రమంగా ఎముకలా గట్టిపడుతుంది. తంతువులు పూర్తిగా కలుసుకోక మధ్యలో సన్నని ఖాళీ మిగిలితే, గాలి వృథాగా పోయి గొంతు బలహీనంగా, గాలి కలిసినట్టు వినిపిస్తుంది. వైద్యులు దీన్ని ప్రెస్బిఫోనియా అంటారు. ఛాతీ బిగుసుకుని ఊపిరి నిలిపే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి సుదీర్ఘమైన సంగతులు కష్టమవుతాయి. స్త్రీలలో రుతుక్రమం ఆగిన తరువాత హార్మోన్ల మార్పు వల్ల గొంతు స్థాయి కొంత దిగుతుంది. వృద్ధులైన పురుషుల్లో మాత్రం కొంచెం పెరగవచ్చు.

ఈ మార్పును పాత రికార్డులు విని అంచనా వేయవచ్చా? కొంతవరకే. 1902లో గ్రామఫోన్ కంపెనీ గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసింది కోల్‌కతాలోనే. అయితే ఆ కాలపు రికార్డులన్నీ ఒకే వేగంతో తిరిగేవి కావు. వేగం 6 శాతం పెరిగితే చాలు, శ్రుతి దాదాపు అరకట్ట పెరిగినట్టు వినిపిస్తుంది. అసలు వేగం తెలియకుండా గొంతు దిగిందనో పెరిగిందనో తేల్చలేం.

మన సంగీతంలో వయసుకు తగిన వెసులుబాటు ఉంది. షడ్జానికి స్థిరమైన స్థాయి లేదు. ఆరు కట్టల శ్రుతిలో షడ్జం 220 హెర్ట్జ్ అయితే పంచమం 330. ఐదు కట్టలకు దిగితే షడ్జం 196, పంచమం 294. రెండుచోట్లా నిష్పత్తి 3:2 కాబట్టి రాగం చెక్కుచెదరదు. గాయకులు శ్రుతి తగ్గించుకోవచ్చు, ఊపిరికి తగినట్టు సంగతులను విడగొట్టుకోవచ్చు. ఠుమ్రీలో వేగం కన్నా మాటను రకరకాల భావాలతో పలికించడానికే ప్రాధాన్యం. ఆ నేర్పు కండర బలం మీద కన్నా సాధన మీద, జ్ఞాపకం మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

మితమైన నిత్యసాధన, తగినంత నీరు, పొగతాగకపోవడం ఎవరి గొంతుకైనా మేలు చేస్తాయి. స్వరచికిత్సతో ఊపిరిని పొదుపుగా వాడటం వృద్ధులూ నేర్చుకోవచ్చు. కానీ గొంతు బొంగురు మూడు నాలుగు వారాలకు మించి ఉంటే వయసు ప్రభావమని సరిపెట్టుకోకూడదు. గొంతు క్యాన్సర్‌కు కూడా అది తొలి లక్షణం కావచ్చు. చెవి, ముక్కు, గొంతు వైద్యుల చేత పరీక్ష చేయించుకోవాలి.