పొడిలో దాచిన హైడ్రోజన్ బయటికి వచ్చేదెలా?

ప్రశ్న: హైడ్రోజన్‌ను పొడి రూపంలో నిల్వ చేయవచ్చంటారు. కావలసినప్పుడు దాన్ని బయటికి ఎలా రప్పిస్తారు? ఉత్ప్రేరకం ఎందుకు?

జవాబు: కిలో హైడ్రోజన్ మామూలు పీడనం దగ్గర సుమారు 11 వేల లీటర్ల చోటు తీసుకుంటుంది. అందుకే కార్లలో దాన్ని 700 బార్ల పీడనంతో ట్యాంకుల్లో కుక్కుతారు. లేదంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చి ద్రవంగా మార్చాలి. రెండూ ఖర్చుతో కూడినవే. ఇంకో మార్గం, హైడ్రోజన్‌ను వేరే మూలకాలతో కలిపి ఘనపదార్థంగా ఉంచడం. సోడియం బోరోహైడ్రైడ్ అనే తెల్లటి పొడి అలాంటిదే. దాని బరువులో పదో వంతుకు పైగా హైడ్రోజనే.

ఈ పొడిని నీళ్లలో కలిపితే, బోరాన్‌ను అంటుకున్న హైడ్రోజన్, నీటిలోని హైడ్రోజన్ జతకట్టి వాయువుగా వెలువడతాయి. అంటే వచ్చేదాంట్లో సగం నీళ్లు ఇచ్చిందే! ఒక గ్రాము పొడి నుంచి రెండు లీటర్లకు పైగా వాయువు వస్తుంది.

మరి నీళ్లు తగలగానే అంతా ఒక్కసారే వచ్చేయదా? రాదు. చర్య సాగేకొద్దీ ద్రావణంలో క్షారగుణం పెరిగి వేగం పడిపోతుంది. ముందే కొంత కాస్టిక్ సోడా కలిపితే నెలల తరబడి నిలవ ఉంటుంది. నిలవకు ఇది వరమే. వాడకానికి వచ్చేసరికి ఇదే అడ్డంకి.

ఆ అడ్డంకిని తొలగించేదే ఉత్ప్రేరకం. ప్రయోగశాలలో ఈ ద్రావణంలో గులాబీరంగు కోబాల్ట్ క్లోరైడ్ చుక్కలు వేస్తే, వెంటనే నల్లటి రేణువులు ఏర్పడి, వాటి మీంచి బుడగలు పొంగుకొస్తాయి. కోబాల్ట్, బోరాన్ కలిసిన ఆ నల్లటి పదార్థమే అసలు ఉత్ప్రేరకం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో షికాగో విశ్వవిద్యాలయంలో ష్లెసింజర్, హెర్బర్ట్ బ్రౌన్ బృందం కోబాల్ట్ లవణాలకున్న ఈ గుణాన్ని గమనించింది.

అది పనిచేసేదెలా? బోరోహైడ్రైడ్ అయాన్ లోహం మీద వాలి, తన హైడ్రోజన్‌ను దానికి అప్పగిస్తుంది. నీటి హైడ్రోజన్ వచ్చి దానితో కలిసి వాయువై వెళ్లిపోతుంది. ఖాళీ అయిన చోట మరో అయాన్ వాలుతుంది. రుథేనియం బాగా చురుకైనది గానీ ఖరీదెక్కువ. అందుకే కోబాల్ట్, నికెల్‌ల మీద ఇంత పరిశోధన. ఉత్ప్రేరకాన్ని నికెల్ జాలీకి అంటించి, పంపుతో ద్రావణం పారిస్తే వాయువు వస్తుంది. పంపు ఆపితే ఆగుతుంది. క్రిస్లర్ 2001లో చూపిన నేట్రియం అనే వ్యాను సోడియం బోరోహైడ్రైడ్ ద్రావణంతోనే నడిచింది.

అలాంటి బళ్లు రోడ్ల మీద ఎందుకు కనబడవు? వాడాక మిగిలే సోడియం బోరేట్ ఉత్ప్రేరకం మీద పేరుకుని దాని చురుకు తగ్గిస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు, ఆ బోరేట్‌ను తిరిగి బోరోహైడ్రైడ్‌గా మార్చడానికి బోలెడంత శక్తి కావాలి. వాహనాల్లో దీని వాడకానికి పరిశోధన కొనసాగించవద్దని 2007లో అమెరికా ఇంధన శాఖ నిపుణుల బృందం సిఫారసు చేసింది. ఉత్ప్రేరకం చర్యను వేగంగా నడిపిస్తుందే తప్ప, పోయిన శక్తిని తెచ్చిపెట్టదు. బోరేట్‌ను మెగ్నీషియంతో కలిపి బాల్ మిల్లులో నూరి, మళ్లీ పాత పొడిని రాబట్టే ప్రయత్నాలు సాగుతున్నాయి. ఈ పద్ధతి భవిష్యత్తు తేలేది అక్కడే.