కత్తి విరగాలా వద్దా? ఆ మాట ఆటగాడినే చెప్పనివ్వండి

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ ఆడే గ్రూపుల్లో ఎక్కువగా గొడవలు తెచ్చే టాపిక్ ఒకటి ఉంది: సామాన్లు మొరాయించడం. కత్తి విరుగుతుంది, తుపాకీ జామ్ అవుతుంది, దివిటీ సరిగ్గా గుహ మధ్యలోనే ఆరిపోతుంది. వీటికి రూల్స్ పెట్టుకోవాలా? పెడితే ఎలా పెట్టాలి? ఈరోజు అదే చూద్దాం.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్ మామూలు రూల్స్ ప్రకారం, దాడి చేసేటప్పుడు 20 ముఖాల పాచిక మీద 1 పడితే దెబ్బ తప్పుతుంది, అంతే. కానీ కొంతమంది గేమ్ మాస్టర్లు సొంతంగా ఇంకో రూల్ కలుపుతారు: "1 పడిందా? ఆయుధం విరిగినట్టే!" వినడానికి భలే థ్రిల్‌గా ఉంటుంది. కాస్త లెక్క వేద్దాం.

1 పడే ఛాన్స్ 20లో ఒకటి, అంటే 5 శాతం. 1వ లెవెల్ ఫైటర్ మామూలుగా టర్న్‌కి ఒక్క దెబ్బే కొడతాడు. రిస్క్ 5 శాతమే. అదే 20వ లెవెల్ ఫైటర్ టర్న్‌కి 4 దెబ్బలు కొడతాడు. ఆ నాలుగింటిలో కనీసం ఒక్క 1 పడే ఛాన్స్ దాదాపు 18.5 శాతం. అంటే సగటున అయిదారు టర్న్‌లకి ఒక కత్తి పోతుంది! వీరుడిగా ఎదిగేకొద్దీ చేతకానివాడు అయిపోతున్నాడన్నమాట. పక్కన విజర్డ్ ఫైర్‌బాల్ వేస్తే అసలు దాడి పాచికే వేయక్కర్లేదు, తప్పించుకోవడానికి శత్రువులే వేసుకుంటారు. రూల్ అందరికీ ఒకటే, నష్టం మాత్రం ఫైటర్‌కే. ఆ ఫైటర్‌ని ఆడే ఫ్రెండ్ వచ్చే వారం ఆటకి రాకపోతే ఆశ్చర్యపోకండి.

మరి రూల్ మొత్తం తీసేయాలా? అక్కర్లేదు. మూడు మంచి దారులున్నాయి.

మొదటిది కాల్ ఆఫ్ కతుల్హు. ఇందులో ప్రతి తుపాకీకి ఒక మాల్‌ఫంక్షన్ నంబర్ ఉంటుంది. 100 వరకు వచ్చే పాచికల మీద ఆ నంబర్ గానీ, అంతకంటే ఎక్కువ గానీ పడితే తుపాకీ మొరాయిస్తుంది. నంబర్ 98 అయితే రిస్క్ 3 శాతం. అంటే తప్పు మనిషిది కాదు, చేతిలో ఉన్న వస్తువుది.

రెండోది 2016లో వచ్చిన ది బ్లాక్ హ్యాక్. దివిటీలు, బాణాల లాంటి వాటికి ఒక వాడకం పాచిక ఉంటుంది. వాడాక దాన్ని వేస్తారు. 1 గానీ 2 గానీ పడితే 8 ముఖాల పాచిక కాస్తా 6కి, తర్వాత 4కి దిగుతుంది. 4 ముఖాల దాని మీద కూడా అలాగే పడితే సరుకు ఖాళీ. ఇక్కడ దెబ్బ ఒక్కసారిగా పడదు, ముందే హెచ్చరిక వస్తుంది.

మూడోది నా ఫేవరెట్. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 4వ ఎడిషన్‌కి 2010లో వచ్చిన డార్క్ సన్ పుస్తకంలోది. ఆ ఎడారి లోకంలో లోహం దొరకడమే కష్టం, చాలా ఆయుధాలు ఎముకవో రాతివో. దాడిలో 1 పడితే ఆటగాడికి రెండు దారులు. తప్పిందని ఒప్పుకుంటే ఆయుధం భద్రం. లేదా పాచిక మళ్లీ వేయొచ్చు, కానీ ఆ దెబ్బ తగిలినా తగలకపోయినా లోహంది కాని ఆయుధం విరిగిపోతుంది. లోహందైతే రెండోసారి 5 లేదా తక్కువ పడితేనే విరుగుతుంది.

తేడా చూశారా? అదే 1, అదే కత్తి. కానీ ఇప్పుడు విరగడం శిక్ష కాదు, బేరం. "ఈ రాక్షసుడు ఇప్పుడే చావాలి, కత్తి పోతే పోనీ" అని ఆటగాడే అంటాడు. టేబుల్ చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టి ఆ పాచికనే చూస్తారు.

మీ గ్రూపులో ట్రై చేస్తే మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి. రూల్ ఆట మొదలవ్వకముందే అందరికీ చెప్పండి. శత్రువుల ఆయుధాలకీ అదే వర్తింపజేయండి. విరిగినదాన్ని బాగుచేసుకునే దారి ఒకటి ఉంచండి, ఊళ్లో ఒక కమ్మరి ఉన్నా చాలు.

ఈ వారం ఆటలో ఆ 1 పడినప్పుడు, మీ ఫైటర్‌ని ఒక్క మాట అడగండి: "వదిలేస్తావా, మళ్లీ వేస్తావా?"