ఇంద్రధనుస్సు డాలరుకి ఎంత పెట్టొచ్చు?

మా పుట్టింట్లో వెండి నల్లబడితే అది ఇల్లాలి బద్ధకం కింద లెక్క. శ్రావణమాసం వస్తోందంటే చాలు, తెనాలిలో మా అమ్మ కుందులు, పంచపాత్ర, కుంకుమ భరిణె అన్నీ పెరట్లో వేసుకుని, విభూతి పెట్టి తళతళలాడేదాకా తోమేది. అందుకే మూడేళ్ళ క్రితం ఇక్కడ మా ఊళ్ళో జరిగిన కాయిన్ షోలో ఒక పెద్దాయన రంగు తిరిగిన వెండి డాలరు ఒకటి చూపించి 675 డాలర్లు అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. అదే సంవత్సరం, అదే గ్రేడు, తెల్లగా మెరిసిపోతున్న నాణెం రెండు బల్లల అవతల 110కే ఉంది మరి!

నాణేల పిచ్చి మా అబ్బాయిది. వాడికప్పుడు పదేళ్ళు. "అమ్మా, గ్యాస్ స్టేషన్‌లో వాననీళ్ళ మీద ఆయిల్ ఉంటుంది చూడు, అలా ఉంది" అన్నాడు. అంచున పసుపు, దాని పక్కన వంగపండు రంగు, తర్వాత నెమలి కంఠం నీలం. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. కానీ 565 డాలర్ల బాగా?

అది 1881లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో అచ్చయిన మోర్గన్ డాలరు. 26.73 గ్రాముల బరువు, 90 శాతం వెండి, మిగతాది రాగి. దాని మీదున్న స్వేచ్ఛాదేవి ముఖానికి కూర్చున్నది అన్నా విల్లెస్ విలియమ్స్ అనే ఫిలడెల్ఫియా అమ్మాయి. తర్వాత ఆవిడ టీచరుగా పనిచేసింది. ఈ డాలర్లు 1878 నుంచి 1904 దాకా, మళ్ళీ 1921లో అచ్చయ్యాయి. ఇంత బరువు జేబులో వేసుకు తిరగడం జనానికి నచ్చక, చాలామటుకు వెయ్యేసి చొప్పున కాన్వాసు సంచుల్లో ఖజానాల్లోనే ఉండిపోయాయి. 1918 చట్టం వచ్చాక వెండి డాలర్లు సుమారు 27 కోట్లు కరిగించేశారు. మిగిలిన సంచులు 1960ల మొదట్లో బయటికొస్తే జనం ఎగబడ్డారు. 1964 మార్చిలో ప్రభుత్వం ఇవ్వడం ఆపేసింది.

రంగు వచ్చింది ఆ సంచుల్లోనే. గుడ్డలోనూ గాలిలోనూ ఉండే గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడు అవుతుంది. మన కుందులు నల్లబడేదీ దీనివల్లే. అయితే ఆ పొర తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉన్నప్పుడు నల్లగా కనిపించదు. పొర పైనుంచి కొంత వెలుతురు, కింద ఉన్న వెండి మీంచి కొంత వెలుతురు తిరిగొచ్చి, రెండూ కలిసినచోట కొన్ని రంగులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నీలం పోతే మనకి పసుపు కనిపిస్తుంది. పొర ఇంకాస్త మందమై ఆకుపచ్చ పోతే వంగపండు రంగు, ఆ తర్వాత నీలం. బీఎస్సీలో సబ్బు బుడగ గురించి చదువుకున్న పాఠమే ఇది. పరీక్ష రాసి మర్చిపోయిన పాఠం ఇలా డబ్బు లెక్కల్లో ఎదురవుతుందని అనుకోలేదు.

సంచిలో నాణేలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కదా, పైది కప్పిన మేర తెల్లగా ఉండి, కప్పని మేర నెలవంకలా రంగు తేలుతుంది. గుడ్డకి ఆనుకుని ఉన్న వాటిమీద నేత గళ్ళు కూడా పడతాయి. ఇలాంటివంటే ఇష్టపడేవాళ్ళు మహా ఇష్టపడతారు. ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థ చూపుకి ప్రత్యేకంగా ఉన్న నాణేలకి గ్రేడు పక్కన నక్షత్రం గుర్తు కూడా వేస్తుంది.

ఆరోజు కొనకుండా వచ్చేశాం. కానీ ఆ నీలం నా మనసులోంచి పోలేదు. పిల్లాడి పుట్టినరోజుకని ఆన్‌లైన్‌లో వెతికితే, గ్రేడింగ్ చేయని మోర్గన్ ఒకటి, ఫోటోలో వెలిగిపోతూ, 240కి దొరికింది. ఇంటిఖర్చుల్లో మిగిల్చి, పోపుడబ్బాలో దాచుకున్నట్టు దాచుకున్న డబ్బు అది. మావారికి చెప్పకుండా కొన్నాను. 675 అన్నదాన్ని 240కే కొట్టేశానని లోలోపల గర్వం కూడా. మళ్ళీ ఫీజు కట్టి గ్రేడింగ్‌కి పంపాను. నెలన్నర తర్వాత, గ్రేడు అంకె లేకుండా, రంగు అనుమానాస్పదం అన్న మాటతో తిరిగొచ్చింది. అమ్మినవాళ్ళ వాపసు గడువు ఎప్పుడో దాటిపోయింది. మావారు ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

కోపం వచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్ళడం నాకలవాటు. 1964 దాకా అమెరికా డైములు కూడా 90 శాతం వెండే. అలాంటివి మూడు, బాగా అరిగినవి, కొన్నాను. కోడిగుడ్డు ఉడకబెట్టి పచ్చసొన చిదిపి జిప్ కవర్లో వేసి, పక్కన తగలకుండా డైములు పెట్టాం. మా అబ్బాయి నోట్‌బుక్ పట్టుకుని టైము రాశాడు. ముందు లేత పసుపు, తర్వాత రాగి రంగు, వంగపండు, సాయంత్రానికి నీలం. ఒకదాన్ని రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి మసిబొగ్గు. ఒక్క గుడ్డు ఖర్చుతో ఇంద్రధనుస్సు! (విలువైన నాణేలతో ఈ పని చేయకండి. ఆ కవరు కంపు సంగతి వేరే చెప్పక్కర్లేదు.)

అప్పుడు నా 240 డాలర్ల నాణేన్ని భూతద్దంలో చూశాను. తెల్లటి వెండి పక్కనే ఒక్కసారిగా ముదురు నీలం. మధ్యలో రావలసిన పసుపు, వంగపండు రెండూ లేవు. సంచిలో మెల్లగా పట్టిన రంగు ఒక వరుసలో మెట్లు దిగినట్టు మారుతుంది. అక్షరాల చుట్టూ, జుట్టు పాయల సందుల్లో గుడ్డ అందనిచోట తేడా ఉంటుంది. నాదాంట్లో ఎత్తుపల్లాలన్నిటి మీదా ఒకేలా, బ్రష్‌తో పూసినట్టుంది. ముందే చూడాల్సింది. ఫోటో చూసి కొన్నాను, అదీ నా తెలివి.

కానీ ఇక్కడే అసలు చిక్కుంది. మెల్లగా, ఓపిగ్గా చేసిన దొంగ రంగు కూడా అదే వరుసలో వస్తుంది. మా డైములే సాక్ష్యం. పొర అదే, రసాయనం అదే. 80 ఏళ్ళు సంచిలో ఉన్నానో, ఒక పూట గుడ్డు పక్కన ఉన్నానో చెప్పడం సిల్వర్ సల్ఫైడుకి చేతకాదు. అనుభవమున్న కళ్ళు చూసి 'ఇది నమ్మొచ్చు' అంటాయి, అంతే. అంటే ఆ 565 డాలర్లలో కొంత అందానికి, కొంత ఆ నమ్మకానికి కడుతున్నామన్నమాట.

అది తప్పని నేననను. ఉప్పాడ చీరకి నూలు బరువు చూసి డబ్బివ్వం కదా. అయితే నగ కొన్నప్పటి మజూరీ, తరుగు మళ్ళీ అమ్మేటప్పుడు తిరిగిరావని మనలో ఎవరికి తెలియదు? రంగుకిచ్చేదీ మజూరీ లాంటిదే. తెల్ల నాణేనికి ధరల పట్టిక ఉంది, రంగుకి లేదు. దాన్ని ప్రేమించే ఇంకో మనిషి దొరికితే వస్తుంది, లేదంటే తెల్లదాని ధరే. పైగా ఆ పొర పెరుగుతూనే ఉండొచ్చు. తేమ, గంధకం తగిలేచోట పెడితే ఈ నీలం చివరికి మసిబొగ్గు దారిలోదే. పోనీ కడిగేద్దామా అంటే, ఆ ద్రావకాలు రంగుతో పాటు పైపొర వెండినీ తీసుకుపోతాయి, టంకశాల మెరుపు చచ్చిపోతుంది.

అందుకే నా లెక్క ఇది: గ్రేడింగ్ అయిన నాణెమే, చేత్తో పట్టుకుని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసిన తర్వాతే. తెల్లదాని ధర మీద ఎంత ఎక్కువ ఇస్తున్నామో, అంతా సినిమాకి పెట్టిన ఖర్చులా మర్చిపోగలిగితేనే. మా ఇంటికి 565 అలాంటి మొత్తం కాదు. కిందటేడు షోలో మా అబ్బాయి నెలవంక రంగున్న డాలరు ఒకటి ఏరుకున్నాడు, తెల్లదానికంటే 70 ఎక్కువ. రెండు వారాలు రాత్రిళ్ళు వాడి బల్ల లైటు ఆర్పనివ్వలేదు. పెద్దాయన బల్ల మీద ఆ నెమలికంఠం డాలరు ఇంకా అలాగే ఉంది, ఈసారి 625.

అన్నట్టు మా అమ్మమ్మ ఇచ్చిన వెండి రూపాయిలు ఐదున్నాయి అమ్మ దగ్గర. రెండు విక్టోరియా రాణివి, మూడు ఐదో జార్జివి. ఏటా వరలక్ష్మీ వ్రతానికి తోమీ తోమీ రాణి ముక్కు నున్నగా అరిగిపోయింది. ఈమధ్య ఫోన్ చేసి, "అమ్మా, ఇకనుంచి అవి తోమకు, అలాగే ఉండనీ, వాటికి అదే విలువ" అన్నాను.

"నల్లటి రూపాయిలు లక్ష్మీదేవి ముందు పెట్టమంటావుటే?" అంది.

ఐదింట్లో రెండు తోమకుండా పక్కన పెట్టడానికి ఒప్పుకుంది, అదీ మనవడి కోసమని.