ఆడాసిటీలో ఎం4ఏ, ఏఎంఆర్ ఫైల్స్ ఓపెన్ కావట్లేదా? ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎలా పెట్టాలి, ఎక్కడ తేడా కొడుతుంది

ఫోన్‌లో రికార్డ్ చేసిన ఆడియోని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి, ఆడాసిటీలోకి లాగి వదిలితే ఎడిటింగ్ మొదలవ్వాలి. కానీ చాలామందికి వచ్చేది ఒక ఎర్రర్ బాక్స్. ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీలు లేవు, ఈ ఫైల్ తెరవలేను అని దాని సారాంశం. సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లని చాలామందిని చూశాను. ఎన్నిసార్లు చేసినా అదే బాక్స్ వస్తుంది, ఎందుకంటే లోపం ఆడాసిటీది కాదు.

విషయం ఏంటంటే, వేవ్, ఎంపీ3, ఫ్లాక్ లాంటివి ఆడాసిటీ సొంతంగా చదువుతుంది. ఐఫోన్ వాయిస్ మెమోస్ ఇచ్చే ఎం4ఏ, పాత ఫోన్ల ఏఎంఆర్, విండోస్ మీడియా వాళ్ల డబ్ల్యూఎంఏ, వీడియోలో ఉన్న సౌండ్ - వీటికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వేరే టూల్ కావాలి. అది కూడా ఫ్రీయే. మరి ముందే కలిపి ఇవ్వొచ్చుగా అంటారేమో. కొన్ని ఫార్మాట్ల మీద సాఫ్ట్‌వేర్ పేటెంట్ల గొడవ ఉంది కాబట్టి ఆడాసిటీ వాళ్లు కలపరు. ఎంపీ3 కథా ఒకప్పుడు ఇంతే. ఎంపీ3గా సేవ్ చేయాలంటే లేమ్ అనే ఫైల్ విడిగా తెచ్చుకోవాల్సి వచ్చేది. 2017లో ఎంపీ3 పేటెంట్ల వ్యవహారం ముగిశాక, 2019లో వచ్చిన 2.3.2 వెర్షన్ నుంచి లేమ్‌ని లోపలే ఇస్తున్నారు. కాబట్టి ఇప్పటికీ "లేమ్ డౌన్‌లోడ్ చేయండి" అని చెప్పే పాత వీడియోలు కనిపిస్తే వదిలేయండి. విండోస్, మ్యాక్ వాళ్లకి ఆ పని లేదు.

ఇన్‌స్టాలేషన్ పెద్ద కథేం కాదు. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో లైబ్రరీస్ తెరవండి. అక్కడ డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది. అది నొక్కితే ఆడాసిటీ వాళ్ల సహాయం పేజీకే వెళ్తారు. అక్కడి నుంచే ఇన్‌స్టాలర్ తెచ్చుకోండి, గూగుల్‌లో మొదట కనిపించిన ఏదో సైట్ నుంచి వద్దు. ఇన్‌స్టాల్ చేశాక ఆడాసిటీని పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. లైబ్రరీస్ పేజీలో ఎఫ్ఎఫ్ఎంపెగ్ వెర్షన్ నంబర్ కనిపిస్తే పని అయిపోయినట్టే. ఒకవేళ లొకేట్ నొక్కినప్పుడు "ముందే దొరికింది, అయినా మీరే చూపిస్తారా" అని అడిగితే నో అనండి.

నంబర్ కనిపించకపోతేనే అసలు తలనొప్పి. ఎక్కువగా నేను చూసింది బిట్ తేడా. ఆడాసిటీ 64 బిట్ అయితే ఎఫ్ఎఫ్ఎంపెగ్ కూడా 64 బిట్‌దే కావాలి, 32కి 32. మీ దగ్గర ఉన్నది ఏదో హెల్ప్ మెనూలోని అబౌట్‌లో, బిల్డ్ ఇన్ఫర్మేషన్ ట్యాబ్‌లో తెలుస్తుంది.

రెండోది, ఎఫ్ఎఫ్ఎంపెగ్.ఈఎక్స్ఈ అనే ఒక్క ఫైల్ తెచ్చుకుని అదే చాలనుకోవడం. అది కమాండ్ లైన్‌లో వాడే ప్రోగ్రామ్. ఆడాసిటీకి కావాల్సింది ఏవీఫార్మాట్, ఏవీకోడెక్, ఏవీయుటిల్ అనే డీఎల్ఎల్ ఫైల్స్. మూడూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. జిప్‌లోంచి ఏవీఫార్మాట్ ఒక్కటే లాగి డెస్క్‌టాప్ మీద పెట్టి లొకేట్‌లో చూపిస్తే పనిచేయదు, దానికి పక్కనున్న మిగతావీ కావాలి.

మూడోది వెర్షన్. ఎఫ్ఎఫ్ఎంపెగ్ 4కి ఏవీఫార్మాట్ నంబర్ 58, 5కి 59, 6కి 60, 7కి 61. ఒక్కో ఆడాసిటీ కొన్ని నంబర్లనే గుర్తుపడుతుంది. పాత 2.x వెర్షన్లలో చాలావరకు 55 మాత్రమే అడుగుతాయి. పాత ఆడాసిటీ పక్కన సరికొత్త ఎఫ్ఎఫ్ఎంపెగ్ పెడితే అన్నీ సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది కానీ కలవదు. నా సలహా అయితే ముందు ఆడాసిటీనే అప్‌డేట్ చేసుకోండి. ఇంకా అర్థం కాకపోతే హెల్ప్‌లో డయాగ్నస్టిక్స్, షో లాగ్ తెరవండి. లైబ్రరీ కోసం ఏ ఫోల్డర్‌లో వెతికిందో అందులో రాసి ఉంటుంది. ఎవరూ చూడరు గానీ, ఊహించి కొట్టుకోవడం కంటే ఇది నయం.

ఎర్రర్ వచ్చినప్పుడు అస్సలు చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మా పెద్దమ్మ కొడుకు దగ్గర పాత కీప్యాడ్ ఫోన్‌లో రికార్డైన తాతయ్య కాల్స్ ఉన్నాయి, అన్నీ ఏఎంఆర్. తాతయ్య ఇప్పుడు లేరు. ఫైల్ తెరుచుకోకపోయేసరికి ఇంపోర్ట్‌లో రా డేటా అనే ఆప్షన్ వాడాడు. వచ్చింది బర్రుమనే శబ్దం. "ఫైల్స్ అన్నీ పాడైపోయాయిరా, తీసేస్తున్నా" అని ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఒక్కటి కూడా ముట్టుకోకు" అన్నాను. ఫైల్స్‌కి ఏమీ కాలేదు. రా డేటా అంటే కంప్రెస్ అయిన డేటాని విప్పకుండా అలాగే శబ్దంగా వినిపించడం, అందుకే ఆ గోల. ఎఫ్ఎఫ్ఎంపెగ్ పెట్టాక ప్రతి ఫైల్‌లో తాతయ్య గొంతు వినిపించింది. అలాగే ఏఎంఆర్ పేరు చివర ఎంపీ3 అని మార్చినా ఫార్మాట్ మారదు, పేరే మారుతుంది. ఏదైనా ప్రయత్నించే ముందు ఒరిజినల్స్ వేరే చోటికి కాపీ చేసి పెట్టుకోండి.

ఏఎంఆర్ నుంచి స్టూడియో క్వాలిటీ మాత్రం ఆశించొద్దు. మామూలు ఏఎంఆర్ సెకనుకి 8,000 శాంపిల్సే తీసుకుంటుంది, బిట్‌రేట్ ఎక్కువలో ఎక్కువ 12.2 కేబీపీఎస్. ఒక నిమిషం రికార్డింగ్ వంద కేబీ కూడా ఉండదు. దాన్ని 44,100కి పెంచి సేవ్ చేస్తే సైజు పెరుగుతుంది, గొంతు స్పష్టం కాదు. నాయిస్ రిడక్షన్ కూడా కొంచెమే వాడండి. ఎక్కువైతే మనిషి నీళ్లలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. సేవ్ చేసేటప్పుడు వేవ్‌లో పెట్టుకోండి, ఏఎంఆర్‌నీ ఉంచుకోండి.

మ్యాక్‌లో కూడా ఇవే రూల్స్, కాకపోతే డీఎల్ఎల్‌కి బదులు డైలిబ్ ఫైల్స్, ఇంటెల్‌కి ఇంటెల్‌వి, యాపిల్ చిప్‌కి దానివి. లైనక్స్‌లో అయితే ప్యాకేజీ మేనేజర్ నుంచి ఎఫ్ఎఫ్ఎంపెగ్ పెట్టుకుంటే చాలాసార్లు అదే దొరికిపోతుంది.

కాలేజీ ల్యాబ్‌లోనో ఆఫీస్ ల్యాప్‌టాప్‌లోనో అడ్మిన్ పాస్‌వర్డ్ లేక ఇన్‌స్టాల్ చేయలేకపోతే, వీఎల్‌సీ ఉందేమో చూడండి. మీడియా మెనూలో కన్వర్ట్/సేవ్ తెరిచి, మీ ఫైల్ ఇచ్చి, ప్రొఫైల్‌లో ఆడియో సీడీ ఎంచుకుంటే వేవ్ ఫైల్ వస్తుంది. దాన్ని ఆడాసిటీ ఏ లైబ్రరీ అడగకుండానే తెరుస్తుంది.